వెన్ను నీటిలో పసుపు: కంటితో తేల్చాలా, స్పెక్ట్రోఫోటోమీటర్‌తోనా?

పిడుగు పడ్డట్టు వచ్చిన తలనొప్పి మెదడు చుట్టూ రక్తస్రావానికి (సబరక్నాయిడ్ హెమరేజ్) గుర్తు కావచ్చు. దానికి ఆరు గంటల్లోపే సీటీ తీసి, అనుభవమున్న రేడియాలజిస్టు రక్తం లేదంటే సాధారణంగా నడుములో సూది అక్కర్లేదు. ఆలస్యమైతేనే లంబార్ పంక్చర్ (మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే వెన్ను నీటిని నడుములో సూదితో తీయడం), అదీ నొప్పి మొదలై 12 గంటలు నిండాక. చిందిన రక్తంలోని హిమోగ్లోబిన్, బిలిరుబిన్ అనే పసుపు రంగు పదార్థంగా మారడానికి అంత వ్యవధి కావాలి. ఆ మార్పు ఒంట్లోనే జరుగుతుంది, ట్యూబులో జరగదు. సూది గుచ్చుకుని కారిన తాజా రక్తాన్ని వేరుచేసేది ఆ బిలిరుబినే.

వెన్ను నీటిని వరుసగా పట్టిన ట్యూబుల్లో మొదటిదాని కంటే నాలుగోదానిలో ఎర్రకణాలు తగ్గాయి కాబట్టి అది సూది రక్తమే అనడం పాత అలవాటు. నిజమైన రక్తస్రావంలోనూ తగ్గొచ్చు, దీన్నొక్కదాన్నే నమ్మకూడదు.

కంటి పరీక్షకు ఖర్చు లేదు. సెంట్రిఫ్యూజ్ చేశాక పైనీటిని, అలాంటి ట్యూబులోనే పోసిన మంచినీటి పక్కన పెట్టి, తెల్ల కాగితం ముందు చూస్తారు. అమెరికాలో చాలా ల్యాబుల పద్ధతి ఇదే. చిక్కేమిటంటే, లేత పసుపు ఒకరికి కనిపిస్తే ఇంకొకరికి కనిపించదు. ఆక్సీహిమోగ్లోబిన్ (ఆక్సిజన్ పట్టుకున్న హిమోగ్లోబిన్) గులాబీ రంగు దాన్ని కప్పేస్తుంది కూడా.

బ్రిటన్‌లో 2003లో వచ్చి 2008లో సవరించిన మార్గదర్శకాలు స్పెక్ట్రోఫోటోమీటర్‌నే (ద్రవం ఏ తరంగదైర్ఘ్యపు కాంతిని ఎంత పీల్చుకుంటుందో కొలిచే మెషీన్) అడుగుతాయి. 350 నుంచి 600 నానోమీటర్ల దాకా స్కాన్ చేస్తే ఆక్సీహిమోగ్లోబిన్ 410–418 దగ్గర శిఖరంలా లేస్తుంది. ఎడమన 350–400 మధ్య, కుడిన 430–530 మధ్య వక్రరేఖను తాకేలా గీత గీసి, 476 దగ్గర ఆ గీతకు పైనున్న ఎత్తు కొలవాలి. 0.007 దాటితే బిలిరుబిన్ పెరిగినట్టు. అయితే కామెర్లున్నా, వెన్ను నీటిలో ప్రొటీన్ లీటరుకు ఒక గ్రాము మించినా ఆ అంకె దానంతటదే పెరుగుతుంది. అందుకే అదే సమయంలో రక్తంలో బిలిరుబిన్, వెన్ను నీటిలో ప్రొటీన్ చూడాలి. రిఫాంపిసిన్ కూడా రంగు మార్చి తికమక పెడుతుంది. క్షయకు మందులు వాడుతున్నారా అని ముందే అడగండి.

మెషీన్ ఉంటే నా ఓటు దానికే, ముఖ్యంగా రక్తస్రావం లేదని తేల్చడానికి. ఉందని తేలితే మాత్రం సీటీ యాంజియోగ్రామ్ (రక్తనాళాలను చూపే సీటీ) చేయాల్సిందే.

ఏ పద్ధతైనా చెడేది ఎక్కువగా ల్యాబుకు చేరే దారిలోనే. చివరి ట్యూబులో కనీసం ఒక మిల్లీలీటరు పట్టి, వెలుతురుకు బిలిరుబిన్ విరిగిపోతుంది కాబట్టి వెంటనే ఫాయిల్ చుట్టాలి. గాలి గొట్టంలో పంపితే కణాలు పగులుతాయి, మనిషి చేతికిచ్చి పంపండి. గంటలోపు సెంట్రిఫ్యూజ్‌లో ఐదు నిమిషాలు తిప్పాలి. అప్పటికీ ఆక్సీహిమోగ్లోబిన్ శిఖరం బిలిరుబిన్‌ను మరుగుపరిచేంత పెద్దదైతే రిపోర్టులో "నార్మల్" అని రాయకండి. "రక్తస్రావాన్ని కొట్టిపారేయలేం" అని రాయండి.