ఏం మింగాడో తెలియని పిల్లాడికి ఎయిమ్స్ పాయిజన్స్ హెల్ప్‌లైన్ 1800 116 117 ఎంతవరకు పనికొస్తుంది?

ఢిల్లీ ఎయిమ్స్ ఫార్మకాలజీ విభాగంలో 1995 నుంచి నడుస్తున్న జాతీయ విషాల సమాచార కేంద్రం నంబరిది. టోల్‌ఫ్రీ, 24 గంటలూ ఉంటుంది. ఇచ్చేది సలహా మాత్రమే, అంబులెన్స్ పంపదు. అందుకని పిల్లాడు మత్తుగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా, ఊపిరి సరిగా ఆడకపోయినా ముందు 108కే చెయ్యండి.

ఫోన్ కలిసేలోపు ఉప్పునీళ్లు పట్టి కక్కించొద్దు. కిరోసిన్ అయితే కక్కేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి పోతుంది, యాసిడ్ అయితే గొంతు రెండోసారి కాలుతుంది. ఉప్పు ఎక్కువైతే అదే ప్రాణం మీదకి తెస్తుంది.

ఏం మింగాడో తెలియనప్పుడు సలహా బాగోగులు మీరిచ్చే ఆనవాళ్ల మీదే ఆధారపడతాయి. వయసు, బరువు, చివరిసారి మామూలుగా కనబడిన సమయం, నోటి వాసన చెప్పండి. ఇంట్లో అందరి మాత్రల స్ట్రిప్పులూ ముందేసుకుని, లెక్క తేలనివన్నీ వాడే మింగాడనుకోండి. నానమ్మ వాడే షుగర్ బిళ్ల, గ్లిమెపిరైడ్ లాంటిది, ఒక్కటి చాలు. గంటలు గడిచాక కూడా షుగర్ పడిపోవచ్చు. ఆడుకుంటున్నాడు కదా అని ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చేసుకోకూడదు.

ఈ సేవకి అసలు విలువ చిన్న ఊరి డ్యూటీ డాక్టరు ఫోన్ చేసినప్పుడు. చొంగ, చెమట, సూదిమొనంత కంటిపాపలు ఉంటే పురుగుమందు అనుమానించాలి. ఒళ్లు ఎర్రగా పొడిబారి, కంటిపాపలు పెద్దవై, పిల్లాడు కలవరిస్తుంటే ఉమ్మెత్త కావచ్చు. ఇలా లక్షణాలు కలిపి చెబితే చర్చ సూటిగా సాగుతుంది. ఈలోగా గ్లూకోజ్, ఈసీజీ, పారాసిటమాల్ స్థాయి పరీక్ష ఆగకూడదు. కడుపులోని విషాన్ని పట్టుకునే బొగ్గుపొడి, అంటే యాక్టివేటెడ్ చార్‌కోల్, పిల్లాడి బరువులో కిలోకి 1 గ్రాము, అదీ మింగిన గంటలోపు ఇస్తేనే బాగా పనిచేస్తుంది. కిరోసిన్, యాసిడ్, ఐరన్ మాత్రలకి అది వాడరు. మత్తులో ఉన్న పిల్లాడికి శ్వాసగొట్టం వేయకుండా అస్సలు ఇవ్వరు.

లోపమల్లా నంబరు పొడవే, కంగారులో గుర్తుకురాదు. ఇప్పుడే సేవ్ చేసుకోండి. అవతల తెలుగు వచ్చినవాళ్లే ఉంటారనుకోకుండా, హిందీ గానీ ఇంగ్లీషు గానీ మాట్లాడగలిగిన మనిషిని పక్కన పెట్టుకోండి. డబ్బా మీద బ్రాండుతోపాటు కింద సన్నక్షరాల్లో ఉండే రసాయనం పేరూ చదవండి.

ఇంట్లో ఎలుకల పేస్టు ఉంటే అడక్కపోయినా చెప్పండి. అందులో ఎల్లో ఫాస్ఫరస్ ఉంటే మొదట్లో వచ్చిన వాంతులు తగ్గి, ఒకటి రెండు రోజులు పిల్లాడు తేరుకున్నట్టే కనిపిస్తాడు. కాలేయం దెబ్బతిన్న సంగతి ఆ తర్వాతే బయటపడుతుంది. కాబట్టి ఆ రోజుల్లో లివర్ పరీక్షలు, రక్తం గడ్డకట్టే సమయం పదేపదే చూస్తూ ఆస్పత్రిలోనే ఉంచాలి.