నాలుగేళ్లుగా నడుముకు వేలాడుతున్న ఇన్సులిన్ పంపు

"సూదులు పోతాయంటివే, మరి ఆ కడుపుకు అతికించుకున్నదేమిరా?" పంపు పెట్టించుకుని తిరుపతి ఇంటికొచ్చిన రోజు మా అవ్వ అడిగిన మాట ఇది. అవ్వ అన్నదాంట్లో తప్పేం లేదు. సూది పూర్తిగా పోలేదు. రోజుకు నాలుగు పొడిచేవాణ్ణి, ఇప్పుడు మూడు రోజులకొకసారి క్యాన్యులా (చర్మం కింద ఉండి పంపు నుంచి ఇన్సులిన్ ఎక్కించే సన్నని గొట్టం) మారుస్తున్నా. వేలు గుచ్చి షుగర్ చూసుకోవడం మాత్రం అలాగే ఉంది, ఎందుకంటే నాది షుగర్‌ను తనంతట తానే కొలిచే సెన్సరు లేని మోడల్.

టైప్ వన్ డయాబెటిస్, అంటే ఒంట్లో ఇన్సులిన్ తయారుకాని షుగర్ జబ్బు, నాకు పద్నాలుగో ఏట వచ్చింది. పదకొండేళ్లు ఇంజెక్షన్లతోనే గడిపా. రాత్రి ఒకసారి లాంగ్ యాక్టింగ్ (రోజంతా పనిచేసే ఇన్సులిన్) వేసుకున్నామంటే మర్నాడంతా దాని దయ. అలిపిరి మెట్లెక్కే రోజు ఆ తేడా బాగా తెలిసేది. మొత్తం 3,550 మెట్లు. గాలిగోపురం చేరేలోపే కాళ్లు వణికి, చెమటలు పట్టి, జేబులో గ్లూకోజు పొట్లం చించుకునేవాణ్ణి. ఒంట్లోకి పోయిన మందును వెనక్కి తీయలేం కదా! ఇప్పుడు బయల్దేరడానికి గంట ముందే బేసల్ (పంపు రోజంతా కొద్దికొద్దిగా ఎక్కించే ఇన్సులిన్) సగానికి తగ్గిస్తా. పోయిన కార్తీకంలో మోకాళ్ల పర్వతం దాటాక చూసుకుంటే 118. అక్కడే కూర్చుని కాసేపు ఆ అంకెనే చూస్తూ ఉండిపోయా.

తెల్లవారుజామున షుగర్ పెరిగే బాధ కూడా తగ్గింది. బేసల్ అర్ధరాత్రి గంటకు 0.6 యూనిట్లు, నాలుగు నుంచి ఎనిమిది దాకా 0.95. ఇంజెక్షన్లతో ఇంత సన్నంగా సర్దలేం. రోజు మొత్తం మోతాదు 50 నుంచి 40కి దిగింది. సంగటి ముద్దకెంత, పొంగలికెంత అన్న లెక్క మాత్రం మనమే కట్టాలి, పంపుకు తెలియదు.

ఇక దెబ్బ తిన్న సంగతి. రెండో ఏడు, పెళ్లి నుంచి అలిసిపోయి వచ్చి, పడుకునే ముందు క్యాన్యులా మార్చా. అది లోపల వంగిపోయింది. పంపు కుయ్యి మనలేదు. మందు పక్కనుంచి కారుతోందే గానీ ఎక్కడా అడ్డుపడలేదు, ఇక అలారం ఎందుకు మోగుతుంది? తెల్లారి వాంతులు, షుగర్ 410, కీటోన్లు (ఇన్సులిన్ అందనప్పుడు కొవ్వు కరిగి రక్తంలో చేరే ఆమ్లాలు). బనియన్‌కు ఘాటుగా ఆసుపత్రి వాసన. అది ఇన్సులిన్ వాసనని అప్పుడే తెలిసింది. పంపులో ఉండేది వేగంగా పనిచేసే ఇన్సులిన్ ఒక్కటే, కాబట్టి సరఫరా ఆగితే కొన్ని గంటల్లోనే కీటోన్లు మొదలవుతాయి. అప్పట్నుంచీ పొద్దున పూటే మారుస్తా, రెండు గంటల తర్వాత షుగర్ చూస్తా, సంచిలో ఇన్సులిన్ పెన్ను లేకుండా గడప దాటను.

మే నెలలో మన ఎండకు, చెమటకు ప్లాస్టరు రెండో రోజుకే ఊడొస్తుంది. పైన ఇంకో టేపు వేయాల్సిందే. మందుల షాపులో సీసా మీద అంకె కూడా చదువుకోండి. మన దగ్గర మిల్లీలీటరుకు 40 యూనిట్ల సీసాలు మామూలుగా దొరుకుతాయి. నా పంపుకు 100ది కావాలి.

ఖర్చు విషయానికొస్తే, పంపు ధర పక్కనపెట్టినా ట్యూబులకు, ఇన్సులిన్ నింపుకునే రిజర్వాయర్లకు నెలకు ఎనిమిది వేల దాకా అవుతోంది. వారంటీ వచ్చే నెలతో అయిపోతుంది. మళ్లీ పంపే తీసుకుంటా, ఈసారి సెన్సరుతో కలిసి పనిచేసేది. డబ్బు సర్దుకునేలోపు ఇది మొరాయిస్తే ఎలాగని ఫ్రిజ్ తలుపులో లాంగ్ యాక్టింగ్ పెన్నులు రెండు పెట్టుకున్నా.