కథను పేజీ పేజీకీ ఆపే పుస్తకం: జార్జ్ సాండర్స్‌తో కొన్నేళ్ల చదువు

సృజనకు ప్రేరణనిస్తాయని పేరుపడ్డ పుస్తకాలు, న్యూస్‌లెటర్లు, పాడ్‌కాస్టులు గత కొన్నేళ్లలో నా దగ్గర చాలానే పోగుపడ్డాయి. వాటిలో ఇప్పటికీ తీసి చూసేవి కొన్నే. ఆ కొన్నిటిలో మొదటిది అమెరికన్ కథకుడు జార్జ్ సాండర్స్ 2021లో వెలువరించిన ‘ఎ స్విమ్ ఇన్ ఎ పాండ్ ఇన్ ద రెయిన్’. ‘లింకన్ ఇన్ ద బార్డో’ నవలకు 2017లో బుకర్ బహుమతి అందుకున్న ఈ రచయిత, సిరక్యూస్ విశ్వవిద్యాలయంలో రష్యన్ కథానికపై రెండు దశాబ్దాలుగా చెబుతూ వచ్చిన పాఠాలే ఈ పుస్తకానికి ఆధారం. చెహోవ్‌వి మూడు, టాల్‌స్టాయ్‌వి రెండు, తుర్గేనెవ్‌ది ఒకటి, గోగోల్‌ది ఒకటి, మొత్తం 7 కథలు ఇందులో పూర్తి పాఠంతో ఉన్నాయి. ఒక్కో కథకూ సాండర్స్ రాసిన వ్యాసం తోడుగా ఉంటుంది.

పుస్తకం పద్ధతి మొదటి కథ ‘బండిలో’తోనే తెలిసిపోతుంది. తక్కిన ఆరు కథలనూ ఏకబిగిన చదవనిచ్చే సాండర్స్, 1897 నాటి ఈ చెహోవ్ కథను మాత్రం దాదాపు ఒక్కో పేజీ చొప్పున చేతికిచ్చి, పేజీ చివర ఆపి, ఇంతవరకూ మీకు ఏం తెలిసింది, ఏం తెలుసుకోవాలని ఉంది, కథ ఎటు వెళుతుందని అనుకుంటున్నారు అని అడుగుతారు. జీతం తెచ్చుకోవడానికి పట్నం వెళ్లిన పల్లెటూరి ఉపాధ్యాయురాలు మర్యా వసీల్యెవ్నా బండిలో తిరిగి వస్తూ ఉంటుంది. దారిలో హానొవ్ అనే భూస్వామి తారసపడతాడు. అందగాడు, ఒంటరివాడు, తాగుడు అలవాటున్నవాడు. అతను కనబడగానే పాఠకుడు వాళ్లిద్దరికీ మనసులో పెళ్లి చేసేస్తాడు. చెహోవ్‌కు ఆ సంగతి తెలుసు కనుకనే అదే ఊహను మర్యా తలపులోకీ తెచ్చి, దాన్ని తీర్చకుండా హానొవ్‌ను పక్కదారిన పంపించేస్తాడని సాండర్స్ చూపిస్తారు. అంత సులువైన దారి మూసుకుపోయాక కథ మరింత లోతైన దాన్ని వెతుక్కోక తప్పదు. ఏరు దాటేటప్పుడు ఆమె కొన్న చక్కెర, పిండి తడిసిపోవడం, రైలు గేటు దగ్గర రైలుపెట్టె వాకిట్లో నిలబడ్డ ఒక స్త్రీలో చనిపోయిన తల్లి పోలిక కనబడటం ఆ తరవాతే వస్తాయి. మాస్కో ప్రగతి ప్రచురణాలయం పుస్తకాల ద్వారా, విశాలాంధ్ర పుస్తకశాలల ద్వారా చెహోవ్‌ను చిన్నప్పుడే ఎరిగిన తెలుగు పాఠకులకు ఈ కథకుడు కొత్తవాడేమీ కాదు. ఆయన వాక్యం పక్కన ఇంతసేపు కూర్చోబెట్టిన వాళ్లు మాత్రం, నా మటుకు, ఇంకెవరూ లేరు.

సాండర్స్ తన రచనను తాను దిద్దుకునే తీరు కూడా ఇలాంటిదే. నుదుటి మీద ఒక మీటరు ఉందని, దానికి ఒక వైపు ‘పి’ (పాజిటివ్, అంటే నచ్చింది), మరో వైపు ‘ఎన్’ (నెగెటివ్, అంటే నచ్చలేదు) అక్షరాలున్నాయని ఊహించుకుని, మొదటిసారి చదువుతున్న పాఠకుడిలా తన చిత్తుప్రతిని చదువుతూ, ముల్లు ‘ఎన్’ వైపు వాలిన చోట వాక్యాన్ని మారుస్తానని ఆయన అంటారు. ఇందులో సిద్ధాంతమేమీ లేదు. కానీ చదివేటప్పుడు మనలో కలిగిన స్పందననే సాక్ష్యంగా తీసుకోమనడం చాలా పెద్ద మాట, ఎందుకంటే మన సాహిత్య చర్చల్లో కథ ఏం చెప్పిందన్న దాని మీద జరిగినంత వాదన, ఏ వాక్యం దగ్గర మన ఆసక్తి పెరిగింది, ఎక్కడ తగ్గింది అన్న దాని మీద జరగదు.

ఈ పద్ధతిని గురజాడ 1910లో రాసిన ‘దిద్దుబాటు’ మీద ప్రయోగించి చూశాను. ‘తలుపు! తలుపు!’ అన్న పిలుపుతో కథ మొదలవుతుంది, తలుపు తెరుచుకోదు, గడియారం ఒంటిగంట కొడుతుంది. అక్కడ పుస్తకం మూసేసి ఆలోచిస్తే, పిలిచేవాడి పేరు తెలియకముందే అతను తప్పు చేసి వచ్చాడని మనకు అనుమానం పుట్టేసిందని అర్థమవుతుంది. వెంటనే గోపాలరావు తన ఆలస్యానికి తననే తిట్టుకోవడంతో ముల్లు అతని వైపు కొంత మొగ్గుతుంది. తప్పు ఒప్పుకున్న మనిషిని నవ్వుతూ క్షమించడానికి మనం అప్పుడే సిద్ధపడతాం, కాబట్టే చివర మంచం కింద నుంచి గాజుల చప్పుడు, నవ్వు వినబడినప్పుడు ఆ ముగింపు కుదురుతుంది. ఎన్నోసార్లు చదివిన కథే అయినా మొదటి మూడు నాలుగు వాక్యాల్లో ఇంత పని జరిగిందని ఆగి చూశాకే తెలిసింది.

లోపాలూ ఉన్నాయి. దాదాపు 400 పేజీల పుస్తకంలో సాండర్స్ హాస్యం కొన్నిచోట్ల తరగతి గదిలో బాగుండి, కాగితం మీద తేలిపోయింది. గోగోల్ ‘ముక్కు’ మీది వ్యాసం నాకు అవసరానికి మించి పొడుగనిపించింది. ఆడియో ప్రతిలో కథలను పేరున్న నటీనటులు చదివారు. వినడానికి చాలా బాగుంటుంది కానీ, ఆగి వెనక్కి వెళ్లి వాక్యాన్ని మళ్లీ చూసుకోవలసిన పుస్తకానికి అచ్చు ప్రతే మేలు. చివర ఇచ్చిన అభ్యాసాల్లో ఒకటి మాత్రం తప్పక చేయదగ్గది: 45 నిమిషాల్లో 200 మాటల కథ రాయాలి, అందులో వేరువేరు మాటలు 50కి మించకూడదు. తెలుగులో చేసేవాళ్లు ‘వచ్చాడు’, ‘వచ్చింది’ రెండూ ఒకే మాటగా లెక్కిస్తామని ముందే నియమం పెట్టుకోవాలి, లేకపోతే క్రియారూపాలకే ఆ యాభై సరిపోవు.

2021 డిసెంబరులో సబ్‌స్టాక్ అనే న్యూస్‌లెటర్ల వెబ్‌సైటులో మొదలైన ‘స్టోరీ క్లబ్’ న్యూస్‌లెటర్ ఈ పుస్తకానికి కొనసాగింపు. హెమింగ్వే ‘క్యాట్ ఇన్ ద రెయిన్’ను ముక్కలు ముక్కలుగా చదివిస్తూ అది ప్రారంభమైంది. కొన్ని ఉత్తరాలు ఉచితం, తక్కినవి చందాదారులకు. రాసేవాళ్లు పంపిన ప్రశ్నలకు సాండర్స్ ఇచ్చే జవాబులు నాకు అన్నిటికన్నా ఉపయోగపడ్డాయి. కింద పాఠకులు చేసే వ్యాఖ్యానం మాత్రం ఎంత మంచిదైనా, అంతా చదువుతూ కూర్చుంటే మన కథ మిగలదు. చందా కట్టాలా అని అడిగితే, ముందు పుస్తకం పూర్తి చేసి ఆ తరవాత నిర్ణయించుకోమంటాను.

ప్రేరణ గురించే మాట్లాడే పుస్తకాలకూ దీనికీ తేడా ఇక్కడే ఉంది. సంగీత నిర్మాత రిక్ రూబిన్ 2023లో తెచ్చిన ‘ద క్రియేటివ్ యాక్ట్’లో 78 చిన్న అధ్యాయాలున్నాయి, చదువుతున్నంతసేపూ హాయిగా ఉంటుంది, మూసేశాక చేయవలసిన పని ఏదీ చేతికి రాదు.

పాడ్‌కాస్టుల్లో సాండర్స్ పద్ధతికి దగ్గరగా ఉన్నది 2007 నుంచి నెలకొకటి చొప్పున వస్తున్న ‘ద న్యూయార్కర్: ఫిక్షన్’. ఆ పత్రిక పాత సంచికల నుంచి ఒక రచయిత మరొకరి కథను ఎంచుకుని చదివి, కథాసాహిత్య సంపాదకురాలు డెబొరా ట్రైస్మన్‌తో దాని గురించి మాట్లాడతారు. ఆవిడ ప్రశ్నలు పొట్టివి, పొగడ్త తక్కువ. తెలుగులో కథలను చదివి వినిపిస్తూ, రచయితలతోనూ అనువాదకులతోనూ సంభాషణలు అందిస్తున్న ‘హర్షణీయం’ను కూడా నేను ఇదే వరుసలో వింటాను. ఒక అనువాదకుడు తన నిర్ణయాలను వివరించడం వింటుంటే వాక్యం మీదికి మళ్లీ దృష్టి వెళుతుంది. రెండిటి విషయంలోనూ వీలైతే కథను ముందు విడిగా చదివి, నచ్చిన చోటు, విసుగొచ్చిన చోటు పెన్సిల్‌తో గుర్తుపెట్టుకుని, ఆ తరవాతే చర్చ వినాలి. ముందే వింటే వాళ్ల అభిప్రాయమే మన అభిప్రాయమైపోయి, తేల్చుకోవడానికి ఏమీ ఉండదు.