పడుకోబెట్టే గాలిమర టవర్: కొన్నేళ్లు వాడాక

ఇంటి గాలిమరకు టవర్ కొనేవాళ్లు ఎత్తెంత అని అడుగుతారు, కిలో ఎంత అని అడుగుతారు. దాన్ని కిందికి ఎలా దించాలో మాత్రం అడగరు. మాది కళ్యాణదుర్గం వైపు మెట్ట పొలం. కిలోవాట్ మెషిన్, 12 మీటర్ల మూడు కాళ్ల యాంగిల్ టవర్. స్టే వైర్లు వద్దనుకున్నది ట్రాక్టర్ తిరగాలని, గొర్రెలు తట్టుకోకూడదని. రెండు కాళ్ల అడుగున కీళ్లు ఉన్నాయి. మూడో కాలి బోల్టులు విప్పితే టవరంతా పక్కకు వాలి పడుకుంటుంది. ఈ టవర్‌లో నాకు మనసుకు పట్టింది ఆ కీలు ఒక్కటే. మిగతాదంతా మామూలు ఇనుము.

చిన్న మెషిన్‌కు రిపేరంతా పైనే. రెక్కల అంచును దుమ్ము కోసేస్తుంది, తోక పిన్ను అరుగుతుంది, బేరింగు మోత పెడుతుంది. ఎక్కి చేయాలంటే హార్నెస్‌లో వేలాడుతూ ఒంటిచేత్తో చేయాలి. హైడ్రా క్రేన్‌ను పిలిస్తే బాడుగ సంగతి అటుంచి, ఆ బూమ్ 12 మీటర్లకు అందడమే అంతంతమాత్రం. పడుకోబెడితే స్టూలేసుకుని కూర్చుని బేరింగు మార్చుకోవచ్చు.

అలాంటి కీలే మొదటిసారి దించబోతే కదల్లేదు. కారణం గాల్వనైజింగ్ దగ్గరుంది. జింకు పూత పలక మీదే కాదు, పిన్ను రంధ్రం లోపలా పేరుకుంటుంది. అప్పుడు పిన్ను దూరదు. సప్లయర్ మనుషులు గుండ్రటి ఫైలుతో ఆ పూతను గీకి, మామూలు 20 ఎంఎం రాడ్డును సుత్తితో దిగ్గొట్టి పోయారు. గీకిన చోట తుప్పు పట్టి పిన్నూ పలకా ఒకటైపోయాయి. టవర్ వాలుతుంటే తిరగాల్సింది పిన్ను. అది తిరగకపోయేసరికి పక్క పలక వంగి, వెల్డింగ్ అంచున వెంట్రుకంత చీలిక వచ్చింది. అక్కడితో ఆపి, ఆ పలకలు కోయించి కొత్తవి వెల్డ్ చేయించాల్సి వచ్చింది. ఇప్పుడున్నది లేత్‌లో తీయించిన 32 ఎంఎం ఈఎన్8 ఉక్కు పిన్ను, గన్‌మెటల్ బుష్, గ్రీజు నిపుల్, రెండు వైపులా స్ప్లిట్ పిన్నులు. ఆషాఢ గాలులకు ముందొకసారి, తర్వాతొకసారి గ్రీజు కొడితే చాలు. ఈ మార్పును పూత వేయించకముందే అడిగి చేయించుకుంటే ఖర్చు పెద్దగా ఉండదు.

దించడంలో ఒక మెలిక ఉంది, టవర్‌తో వచ్చిన కాగితంలో అది రాయలేదు. నిలబడ్డ టవర్ బరువు కీళ్ల గీతకు లోపలి వైపే ఉంటుంది కాబట్టి దానంతటది వాలదు. వాలే వైపు నుంచి ఇద్దరు పొడవాటి తాడుతో లాగాలి. నాలుగైదు డిగ్రీలు వంగగానే బరువు కీళ్లను దాటి, ఒక్కసారిగా అవతలి వైపు నుంచి పట్టుకున్న టిర్ఫర్ (చేతి లీవర్‌తో ఇనుప తాడును లాగే, వదిలే సాధనం) తాడు మీదికి వస్తుంది. ఆ క్షణాన టిర్ఫర్ తాడు వదులుగా ఉంటే టవర్ పడబోయి ఆగినట్టు కుదుపు వస్తుంది. రెండు తాళ్లూ బిగువుగానే ఉండాలి. అసలు బరువు మాత్రం నేలకు దగ్గరయ్యాకే. మెషిన్‌తో కలిపి ఐదువందల కిలోల లోపున్న మా టవర్‌కు, 4 మీటర్ల జిన్ పోల్ (తాడు పట్టు పెరగడానికి కీళ్ల దగ్గర టవర్‌కు అడ్డంగా నిలిపే స్తంభం) పెట్టినా, అప్పుడు తాడు మీద దాదాపు 800 కిలోలు పడుతుంది. అందుకే 1.6 టన్నుల టిర్ఫర్. ట్రాక్టర్‌తో లాగొద్దు, క్లచ్ వదిలే కుదుపు చాలు జిన్ పోల్ వంగడానికి. దించేముందు మెషిన్ మూడు ఫేజు వైర్లనూ ఒకదానితో ఒకటి కలిపి (షార్ట్ చేసి) రెక్కలు ఆపాలి.

కీలుంది కదా అని ఎప్పుడంటే అప్పుడు దించేదీ కాదు. నలుగురు మనుషులు, గాలి లేని తెల్లవారుజాము, 14 మీటర్ల ఖాళీ నేల కావాలి. రిపేరు పని పడేది జూన్ నుంచి ఆగస్టు దాకా, గాలి వల్ల దించడానికి వీల్లేనిదీ అప్పుడే.

మూడో కాలి బోల్టుల సంగతి: స్ప్రింగ్ వాషర్లను నమ్మొద్దు, డబుల్ నట్ వేయండి. బిగించాక నట్టు మీదుగా పలక దాకా పెయింట్‌తో ఒక గీత గీస్తే, వదులైంది దూరం నుంచే తెలుస్తుంది. పూత నలిగి బిగువు తగ్గుతుంది కాబట్టి మొదటి నెలలోనే మళ్లీ బిగించాలి.

మాకు 12 మీటర్లు సరిపోవడానికి కారణం చుట్టూ శనక్కాయ చేలే. రెక్క కింది కొన, 150 మీటర్ల లోపున్న దేనికన్నా కనీసం 9 మీటర్లు పైన ఉండాలి. కొబ్బరి తోటో నీలగిరి చెట్లో ఉంటే ఈ ఎత్తు దండగ. 18 మీటర్ల టవర్‌కైతే పడుకోబెట్టే పద్ధతిని నేనంత గట్టిగా చెప్పను. బరువూ జిన్ పోలూ పెరిగిపోతాయి, ఎక్కే మనిషి దొరికితే స్థిరమైన టవరే నయం కావచ్చు. తీరం వాళ్లు ఇంకోటి చూసుకోవాలి. కట్టడాల మీద పడే గాలి భారానికి భారత ప్రమాణమైన ఐఎస్ 875 మూడో భాగంలో, మాకు దగ్గరి కర్నూలుకు లెక్కగట్టే గాలి సెకనుకు 39 మీటర్లు, నెల్లూరుకు 50. గాలి తోపుడు, వేగం వర్గంతో (వేగాన్ని వేగంతో గుణించినంత) పెరుగుతుంది కాబట్టి అక్కడ ఒకటిన్నర రెట్లకు పైనే. ఇక్కడి డ్రాయింగ్‌తో అక్కడ కాంక్రీటు పోయకండి. ఎక్కడైనా సరే, చివరి బిల్లు ఇచ్చేలోపు ఒకసారి దించి లేపి చూపించమనండి.