అయిదు సూట్లు, పదకొండేళ్లు: ఏది పనికొచ్చింది, ఏది బీరువాలోనే ఉండిపోయింది

నాకు సూట్ల మీద మోజేమీ లేదు. ఉద్యోగం అలాంటిది కాబట్టి నెలకు నాలుగైదుసార్లు వేసుకోక తప్పదు. పదకొండేళ్లలో అయిదు కొన్నాను. నాలుగింటిని ఫలానా సందర్భానికని కొన్నాను. ఒక్కదాన్ని మాత్రం ఏ సందర్భమూ లేకుండా, తీరిక దొరికిందని కుట్టించుకున్నాను. లెక్క చూస్తే మిగతా నాలుగూ కలిపి వేసుకున్న దానికంటే ఆ ఒక్కటే ఎక్కువసార్లు వేసుకున్నాను.

మొదటిది ఇంటర్వ్యూ కోసం కొన్న నల్ల రెడీమేడ్ సూటు, పాలిస్టర్ మిశ్రమం. షాపులో అద్దం ముందు హీరోలా కనిపించాను. ఇంటర్వ్యూ గది బయట కూర్చున్నప్పుడు వీపు మీద చెమట ధారగా కారింది. సగం టెన్షన్ వల్ల, సగం పాలిస్టర్ వల్ల. ఆ గుడ్డ గాలి ఆడనివ్వదు, ట్యూబ్‌లైటు కింద జిగేల్‌మంటుంది, ఇస్త్రీ పెట్టె కాస్త వేడిగా తగిలితే ఆ మెరుపు ఇంకా పెరుగుతుంది. ఇంకో మాట, ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా చెప్తాను. కొత్త కోటుకి వెనక చీలిక దగ్గర ఇంటూ గుర్తులా దారంతో కుట్టి ఉంటుంది. అది రవాణాలో ఆకారం చెడకుండా వేసింది, మనం కత్తిరించి తీసేయాలి. నేను ఆరు నెలలు దాంతోనే తిరిగాను. ఎవరూ చెప్పలేదు.

రెండేళ్లకు, నాలుగోసారి డ్రై క్లీనింగ్ చేయించాక, కోటు ఛాతీ మీద చిన్న చిన్న బొబ్బల్లా లేచాయి. అవి ఎందుకొచ్చాయో తెలిశాకే సూటు కొనడం నేర్చుకున్నానని చెప్పాలి. కోటు ముందు భాగం నిటారుగా నిలబడటానికి లోపల ఇంకో పొర ఉంటుంది. చవకరకంలో ఆ పొరను జిగురుతో, వేడి పెట్టి పైగుడ్డకు అంటిస్తారు. దాన్ని ఫ్యూజ్డ్ అంటారు. ఖరీదైన వాటిలో గుర్రపు వెంట్రుకలు కలిపి నేసిన కాన్వాస్‌ను దారంతో కుట్టి నిలుపుతారు. మధ్యరకం హాఫ్ కాన్వాస్: ఛాతీ, కాలర్ మడతల వరకు కాన్వాస్, కింద జిగురు. డ్రై క్లీనింగ్ రసాయనాలకూ వేడికీ జిగురు పట్టు సడలితే బొబ్బలు వస్తాయి, వచ్చాక బాగుచేయడం దాదాపు అసాధ్యం. కొనేముందు చూసుకోవాలంటే, గుండీకీ కాజాకీ కాస్త కింద గుడ్డను రెండు వైపుల నుంచీ వేళ్లతో పట్టుకుని మెల్లగా విడదీయండి. పైగుడ్డకూ లోపలి గుడ్డకూ మధ్య విడిగా జారే మూడో పొర తగిలితే అది కాన్వాస్. తగలకపోతే జిగురు. మరీ కింద పట్టుకుని చూస్తే హాఫ్ కాన్వాస్ కూడా జిగురులాగే అనిపిస్తుంది, కాబట్టి ఛాతీ దగ్గరా ఒకసారి చూడాలి.

ఏ సందర్భమూ లేకుండా కుట్టించింది నేవీ బ్లూ. ఎనిమిదేళ్లయింది. ఉన్ని గుడ్డ, చదరపు మీటరుకు 280 గ్రాముల బరువు, రెండు గుండీలు, హాఫ్ కాన్వాస్, వీపు వైపు పైసగానికే లైనింగ్. ఇంటర్వ్యూకి తెల్ల చొక్కా, మెరూన్ టై, నల్ల బూట్లతో వెళ్లాను. పగటి పెళ్లికి అదే సూటు, లేత గులాబీ చొక్కా, బ్రౌన్ బూట్లు, పైజేబులో రుమాలు, టై లేదు. సాయంత్రం విందుకి మళ్లీ తెల్ల చొక్కా, ముదురు టై. మూడు చోట్లా నన్ను చూసిన స్నేహితుడొకడు మూడూ వేరే సూట్లనుకున్నాడు. నలుపు అలా మారదు. రాత్రి దీపాల కింద బాగానే ఉంటుంది, పగటి వెలుగులో మాత్రం ముఖాన్ని పాలిపోయినట్టు చూపిస్తుంది. మొదటి సూటు నలుపే కావాలనే మాట ఎవరు పుట్టించారో గానీ, నేను మాత్రం నమ్మి నష్టపోయాను.

దాంతోపాటు రెండు ప్యాంట్లు కుట్టించమన్నది టైలర్ గారే. అప్పుడు అనవసరం అనుకున్నాను. కోటు కంటే ముందు పోయేది ప్యాంటే: తొడల మధ్య రాపిడికి పలచబడుతుంది, కూర్చునే చోట మెరుపు తేలుతుంది. ఆయన చేసిన ఇంకో మేలు, కుట్ల లోపల గుడ్డ ఎక్కువ వదలడం. మధ్యలో ఎనిమిది కిలోలు పెరిగాను (కారణాలు అడగొద్దు). నడుము దగ్గర ఒకటిన్నర అంగుళం వదులు చేయగలిగారు. నల్ల రెడీమేడ్‌లో వదులు చేయడానికి లోపల గుడ్డే లేదు.

మూడోది చార్‌కోల్ గ్రే. పదోన్నతి వచ్చాక పెద్ద మీటింగులకని, సేల్స్‌మన్ మాటలు నమ్మి సూపర్ 150 గుడ్డలో తీసుకున్నాను. నంబర్ పెరిగితే గుడ్డ గట్టిదని అనుకున్నాను. నిజానికి ఆ నంబర్ ఉన్ని పోగు, అంటే ఒక్కో వెంట్రుక, ఎంత సన్నగా ఉందో చెప్తుంది, అంతే. సూపర్ 100 అంటే పోగు మందం 18.75 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) దాటదు, సూపర్ 150 అంటే 16.25 దాటదు. సన్నదైనకొద్దీ ముట్టుకుంటే పట్టులా ఉంటుంది, వేలాడితే అందంగా జారుతుంది, కానీ ప్రయాణంలో నలిగిపోతుంది, రాపిడికి ఆగదు. మూడేళ్లకే మోచేతుల దగ్గర పలచబడింది. రోజువారీ వాడకానికి సూపర్ 100 నుంచి 120 మధ్య చాలు. రంగు విషయంలో మాత్రం ఫిర్యాదు లేదు, గంభీరమైన చోటికి చార్‌కోల్ నేవీ కంటే ఒక మెట్టు పైనే.

ఆ చార్‌కోల్‌లో ఇంకో తప్పు చేశాను. చేతుల చివర గుండీలకు నిజమైన కాజాలు కావాలని అడిగాను, స్టైలు కోసం. తీరా చూస్తే చెయ్యి అరంగుళం పొడుగు. కాజాలు కోసేశాక కింద నుంచి తగ్గిస్తే వాటి దూరం చెడుతుంది. భుజం దగ్గర చెయ్యి మొత్తం విప్పి, పైనుంచి తగ్గించాల్సి వచ్చింది. చొక్కా కఫ్ అరంగుళం బయటికి కనిపించేలా చెయ్యి పొడుగు ముందు సరిచూసుకుని, ఆ తర్వాతే ఇలాంటి సరదాలు.

కొలతల్లో నేను దేనికైనా సర్దుకుంటాను, భుజానికి తప్ప. నడుము, చేతులు, ప్యాంటు పొడుగు సరిచేయొచ్చు. భుజం సరిచేయడమంటే కోటును సగం విప్పి మళ్లీ కుట్టడమే. గోడకు పక్కగా ఆనుకుని నిలబడి చూడండి. మీ చేతికంటే ముందు భుజం ప్యాడ్ గోడకు తగిలితే ఆ కోటు మీకు పెద్దది. తర్వాత కూర్చోండి, ఫోన్ చెవి దగ్గర పెట్టుకోండి. కోటు కాలర్ చొక్కా కాలర్‌ను వదిలేసి వెనక్కి పోతే వద్దనేయండి.

నాలుగోది క్రీమ్ రంగు లినెన్, ఎండలో ఆరుబయట జరిగిన పెళ్లికి. ఒంటికి ఎంత హాయిగా ఉంటుందో మాటల్లో చెప్పలేను. లినెన్‌కి ముడతలే అందం అనేవాళ్లు మూడు గంటలు కారులో కూర్చుని దిగాక నన్ను చూసి ఉండాల్సింది. ఆ ఫొటోల్లో నేను నిద్ర లేచి నేరుగా వచ్చినట్టున్నాను. ఇప్పుడు ఆ కోటు ఒక్కటే కాటన్ ప్యాంటు మీద వేస్తున్నాను, అలా బాగుంది. వేడికి సూటే కావాలంటే వదులు నేతతో వచ్చే పలచటి ఉన్ని చూడండి. గాలి ఆడుతుంది, వేలాడదీస్తే ముడతలు వాటంతటవే పోతాయి.

అయిదోది టక్సీడో. ఆహ్వానం మీద బ్లాక్ టై, అంటే టక్సీడో వేసుకుని రావాలని, ఉంటే కంగారుపడి కొన్నాను. ఆరేళ్లలో మూడుసార్లు వేశాను. శాటిన్ మడతల కాలర్, ప్యాంటు పక్కన శాటిన్ పట్టీ, బెల్టు పెట్టుకోవడానికి వీల్లేదు. కాబట్టి ఇంకెక్కడికీ పనికిరాదు. అద్దెకు తీసుకోవాల్సింది. ఇదీ జిగురుదే, అయినా ఇప్పటికీ ఒక్క బొబ్బ లేదు. ఉతికితే కదా.

సూట్లను నేను ఏడాదికి రెండుసార్లకు మించి డ్రై క్లీనింగ్‌కి ఇవ్వను. ఇచ్చినప్పుడు కోటు, ప్యాంటు కలిపే ఇస్తాను, లేకపోతే రంగులో తేడా వస్తుంది. వేసుకున్న రోజు బ్రష్ చేసి, భుజాల దగ్గర వెడల్పుగా ఉండే హ్యాంగర్‌కి తగిలిస్తాను. మర్నాడు అదే సూటు వేయను. చెమట తడి ఆరడానికి ఉన్నికి ఒక రోజు కావాలి. మరకతో బీరువాలో పెట్టిన చార్‌కోల్‌కి పురుగు చిన్న చిల్లు పెట్టింది, సరిగ్గా ఆ మరక దగ్గరే.

మళ్లీ మొదటి నుంచి కొనాల్సి వస్తే నేవీ ఒకటి, సూపర్ 110లో చార్‌కోల్ ఒకటి, అంతే. మొన్న నేవీకి రెండో ప్యాంటు కూడా తొడల దగ్గర పలచబడింది. టైలర్ గారు లోపలి నుంచి అతుకు వేసి, వెలుతురుకి అడ్డంపెట్టి చూసి, ఇంకో రెండేళ్లు లాగుతుందన్నారు.