చివరి నిమిషంలో కుటుంబంతో కొండ నడక: అనంతగిరి, వంజంగి, సింహాచలం – ఏది మేలు?

రెండు రోజులు సెలవు కలిసొచ్చింది. ముందుగా అనుకున్నది ఏమీ లేదు. పిల్లలు కొండలంటున్నారు, ఇంట్లో పెద్దవాళ్లను వదిలి వెళ్లలేం, రేపు తెల్లారితే బయలుదేరాలి. విశాఖలో ఉన్నవాళ్లకు ఇలాంటి ప్రయాణం సాధ్యమే. మూడు, నాలుగు గంటల దూరంలో తూర్పు కనుమల నడిబొడ్డు ఉంది. కాకపోతే ఊరంతటికీ అదే శనివారం, అదే ఆలోచన. అందుకే ఏ కొండ అందంగా ఉంటుందన్న ప్రశ్నతో మొదలుపెడితే దారి తప్పుతాం. ఇంట్లో అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషి ఎవరు? రాత్రి పడుకోవడానికి గది ఎక్కడ దొరుకుతుంది? ఈ రెండిటికీ జవాబు దొరికితే ఎక్కడికి వెళ్లాలో తేలిపోతుంది. అందం సంగతి ఆ తర్వాతే. మన కొండల్లో అందానికి కొదవ లేదు కూడా.

ముందు అనంతగిరి వైపు చూద్దాం. అరకు దారిలో శృంగవరపుకోట దాటాక ఘాట్ ఎక్కితే వచ్చే ఊరు ఇది. అందరూ నేరుగా అరకు వెళ్లిపోతారు. సెలవుల్లో అరకు టౌన్లో గది దొరకడం కష్టం, దొరికినా రేటు చుక్కల్లో ఉంటుంది. కుటుంబంతో నడవడానికి వెళ్లేవాళ్లు అనంతగిరిలో దిగడమే మంచిదని నా అభిప్రాయం. పర్యాటక సంస్థ వాళ్ల హరిత రిసార్ట్ ఇక్కడ కూడా ఉంది. కొంచెం కిందికి టైడాలో జంగిల్ బెల్స్ ఉంది. అరకు నిండిపోయిందని చెప్పిన రోజున కూడా ఈ రెండు చోట్లా ఒకసారి అడిగి చూడడం దండగ కాదు.

ఇక్కడ పెద్ద మేలు ఏమిటంటే, నడకను ముక్కలు చేసుకోవచ్చు. అనంతగిరి నుంచి సుంకరిమెట్ట దాకా రోడ్డుకు రెండు వైపులా కాఫీ తోటలే. పొడవాటి సిల్వర్ ఓక్ చెట్లు, వాటి మొదళ్లకు చుట్టుకున్న మిరియాల తీగలు, ఆ నీడలో నడుమెత్తు కాఫీ మొక్కలు. నవంబరు, డిసెంబరుల్లో వెళ్తే కొమ్మలంతా ఎర్రటి పండ్లు గుత్తులుగా ఉంటాయి. ఎండాకాలం మొదట్లో ఒక వాన పడితే చాలు, అవే కొమ్మలు తెల్లటి పూలతో నిండి మల్లెల వాసన వేస్తాయి. పిల్లల చేత ఒక పండు ఒలిపించి లోపల రెండు గింజలు చూపించండి. కానీ తోట వాళ్లను అడిగి కోయండి, అది వాళ్ల ఏడాది కష్టం. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, దాని వెనక ఉన్నది ఈ గిరిజన రైతులే. సుంకరిమెట్ట దగ్గర తోట మధ్యలో చెక్క బాట వేశారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కూడా దాని మీద నిదానంగా నడవగలరు. అలిసిపోతే కారు పక్కనే ఉంటుంది.

గట్టిగా నడవగలిగినవాళ్లకు కటికి జలపాతం ఉంది. బొర్రా గుహల దగ్గర నుంచి జీపులు వెళ్తాయి. ఆ జీపు దారి రాళ్లూ గోతులే, నడుము నొప్పి ఉన్నవాళ్లను ఎక్కించొద్దు. జీపు ఆగాక మిగతాది కాలినడక. పడే నీళ్లు గోస్తనీ నదివి, బొర్రా గుహలను తొలిచిందీ ఆ నదే. వర్షాకాలంలో రాళ్ల మీద నాచు పడుతుంది, చిన్నపిల్లల చేయి వదలకూడదు. కొందరు కటికికి వెళ్లి వచ్చేలోపు మిగతావాళ్లు బొర్రా గుహలు చూడొచ్చు. గుహల్లోనూ వందల మెట్లున్నాయి, ఎక్కడ చాలనిపిస్తే అక్కడి నుంచే వెనక్కి తిరగొచ్చు.

కారు లేనివాళ్లకు కిరండూల్ రైలు ఉంది. విశాఖలో పొద్దున ఏడు కాకముందే బయలుదేరుతుంది. బైలాడిలా ఇనుప ఖనిజాన్ని మన పోర్టుకు చేర్చి జపాన్‌కు పంపడానికి 1960లలో వేసిన లైను ఇది. యాభైకి పైగా సొరంగాల్లోంచి వెళ్తూ శిమిలిగూడ దగ్గర దాదాపు 1,000 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. అద్దాల బోగీలో చివరి నిమిషంలో సీటు దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి. జనరల్ టికెట్ తీసుకుని త్వరగా స్టేషన్‌కు వెళ్లి కిటికీ పక్క చోటు చూసుకోండి, పిల్లలకు అదే పండగ. వానలు ముదిరినప్పుడు మాత్రం కొండచరియలు పడి ఈ లైన్లో రైళ్లు ఆగుతుంటాయి. జులై నుంచి అక్టోబరు దాకా ముందురోజు రాత్రి ఒకసారి కనుక్కుని బయలుదేరడం మంచిది.

ఇక వంజంగి. ఈ మధ్య ఇన్‌స్టాగ్రామ్ తెరిస్తే చాలు, ఆ మేఘాలే. పాడేరుకు కూతవేటు దూరంలో ఉన్న కొండ ఇది. 2022 ఏప్రిల్లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాకు పాడేరే కేంద్రం కాబట్టి లాడ్జీలు, ఆసుపత్రి, మందుల షాపులు అన్నీ దగ్గర్లోనే ఉంటాయి. చోడవరం, మాడుగుల మీదుగా విశాఖ నుంచి 100 కిలోమీటర్లకు అటూ ఇటూ. ద్వారకా బస్‌స్టేషన్ నుంచి బస్సులూ ఉన్నాయి.

నడక ప్రకారం చూస్తే మూడింట్లో వంజంగిదే పైచేయి, అందులో సందేహం లేదు. కానీ ఆ ఫోటోలో కనిపించని సంగతులు కొన్ని చెప్పాలి. సూర్యోదయం చూడాలంటే మూడింటికి లేవాలి, నాలుగు దాటకముందే కొండ కింద ఉండాలి. బండి ఆపాక చీకట్లో ఎక్కడం. మొదట్లో దారి వెడల్పుగానే ఉంటుంది. పైకి వెళ్లేకొద్దీ నిటారు మట్టిబాట, మంచు తడికి ఆ ఎర్రమట్టి జారుడు పట్టి ఉంటుంది, కొన్నిచోట్ల వేళ్లూ రాళ్లూ పట్టుకుని ఎక్కాలి. ముందున్న మనిషి ఆగితే వెనకున్న వరుసంతా ఆగుతుంది. ఫోన్ లైట్ ఒక చేతిలో, పిల్లవాడి చేయి ఇంకో చేతిలో పట్టుకుంటే మీరు పట్టుకోవడానికి చేయి మిగలదు. అందుకే తలకు కట్టుకునే లైటు ఉంటే తెచ్చుకోండి, లేకపోతే మనిషికొక టార్చి. ఎక్కడం కన్నా దిగడం కష్టం. ఎండ వచ్చాక జనమంతా ఒకేసారి దిగుతారు, మోకాళ్ల మీద భారం పడేది అప్పుడే.

మరి ఇంత కష్టపడి ఎక్కితే మేఘాలు కనిపిస్తాయా? అది రాత్రి వాతావరణం చేతిలో ఉంది. ఆకాశం నిర్మలంగా ఉండి గాలి లేని చలి రాత్రుల్లో నేల త్వరగా చల్లబడుతుంది. బరువైన చల్లగాలి లోయల్లోకి దిగి అక్కడి తేమ పొగమంచుగా మారుతుంది. మనం కొండ మీద దానికి పైన ఉంటాం కాబట్టి కింద పాలసముద్రంలా కనిపిస్తుంది. ఎండ ఎక్కగానే కరిగిపోతుంది. కనుక అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా అవకాశం ఎక్కువ. ఏప్రిల్, మే నెలల్లో దానికోసమని పిల్లలను మూడింటికి లేపి తీసుకెళ్లడం నాకు సబబుగా అనిపించదు. జోరువానల్లో అయితే కొండే మేఘంలో మునిగి ఉంటుంది, పక్కనున్న మనిషి తప్ప ఇంకేమీ కనిపించకపోవచ్చు.

పదేళ్లు దాటిన పిల్లలు, రోజూ నడిచే అలవాటున్న పెద్దలు మాత్రమే ఉన్న ఇల్లయితే, చలికాలమైతే, వంజంగికే వెళ్లండి. ఎత్తుకోవాల్సిన బిడ్డ ఉన్నా, మోకాలి ఆపరేషన్ అయిన అమ్మమ్మ ఉన్నా వద్దు. వాళ్లను కింద బండిలో చీకట్లో కూర్చోబెట్టి మిగతావాళ్లు పైకి వెళ్లడం కుటుంబ ప్రయాణం అనిపించుకోదు. మేఘాల మీద మనసు పడినవాళ్లకు ఇంకో దారి ఉంది. అరకు దగ్గర మాడగడ అనే చోటు కూడా మేఘాలకు పేరు పడింది. అక్కడ నడక తక్కువ, వాహనం చాలావరకు వెళ్తుంది. అనంతగిరిలో దిగినవాళ్లు పెందలాడే లేస్తే వెళ్లి రావచ్చు.

లంబసింగి మాటేమిటని అడుగుతారు. చలి కోసం వెళ్లే చోటు అది, నడక కోసం కాదు. నర్సీపట్నం మీదుగా వెళ్లాలి, దూరమూ ఎక్కువే. డిసెంబరు, జనవరి శని ఆదివారాల్లో తెల్లవారుజామున రోడ్డు మీద బండ్లు బారులు తీరతాయి. ఇంకో రోజు సెలవు ఉంటే చెరువులవేనం, తాజంగి రిజర్వాయర్ కలుపుకుని పెట్టుకోండి. చివరి నిమిషం ప్రయాణానికి మాత్రం నేను సలహా ఇవ్వను.

గది ఎక్కడా దొరకలేదు, అనుకోండి. శుక్రవారం రాత్రి తొమ్మిదైనా దొరకలేదు. అప్పుడు ఇంట్లో కూర్చోవద్దు, రోడ్డు మీద వెతుక్కుందామని ఘాట్ ఎక్కనూ వద్దు. రాత్రి పది గంటలకు పిల్లలతో ఆ మలుపుల్లో గది కోసం తిరగడం లాంటి టెన్షన్ ఇంకోటి లేదు. మన ఊళ్లోనే రెండు రోజుల నడక ఉంది. దీన్ని సర్దుబాటు అనుకునేవాళ్లతో నేను ఒప్పుకోను.

మొదటి రోజు సింహాచలం. అడివివరం వైపు తొలి పావంచా, అంటే కొండ కింద మొదటి మెట్టు, నుంచి సుమారు వెయ్యి మెట్లు. ఆషాఢ పౌర్ణమికి 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ చేసే ఊరు మనది, వెయ్యి మెట్లు లెక్కా! అయినా అయిదేళ్ల పిల్లలకు అది మంచి కొండే. చాలావరకు చెట్ల నీడ, ఆగడానికి చోట్లు, కాలం వస్తే సంపెంగల వాసన. అన్నిటికంటే గొప్ప సౌకర్యం ఏమిటంటే, నడవలేనివాళ్లు ఘాట్ రోడ్డులో బస్సెక్కి పైకి వస్తారు. మెట్లెక్కినవాళ్లూ బస్సులో వచ్చినవాళ్లూ గుడి దగ్గర కలుసుకుని కలిసే దర్శనం చేసుకోవచ్చు. అనంతగిరిలోనూ వంజంగిలోనూ ఈ వీలు లేదు. చందనోత్సవం రోజూ, గిరి ప్రదక్షిణ రోజూ తప్ప ఎప్పుడైనా పొద్దున ఆరింటికి మొదలుపెట్టండి. మెట్ల మీద చెప్పులు వేసుకోకూడదనుకునేవాళ్లకు ఎండ ముదిరితే రాయి కాలుతుంది.

రెండో రోజు కంబాలకొండ. జాతీయ రహదారి పక్కనే, జూ పార్కుకు ఎదురుగా సుమారు 70 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం. ఒకప్పుడు విజయనగరం రాజులది. పిల్లలకు బోటింగ్ ఉంది, అడవిలోకి నడక దారులున్నాయి. లోపలిదాకా వెళ్లాలంటే అటవీ సిబ్బందిని అడిగి, వాళ్లు చూపిన దారిలోనే వెళ్లాలి. చిరుతలు తిరిగే అడవి అది, పిల్లలను ముందుకు పరుగెత్తనివ్వొద్దు.

ఖర్చు సంగతీ చెప్పుకోవాలి. నలుగురైదుగురు ఉన్న ఇంటికి అనంతగిరి, వంజంగి రెండిట్లోనూ పెద్ద ఖర్చు గది, బండి. సొంత కారుంటే రెండూ దాదాపు సమానం. కారు లేకపోతే రైలు వల్ల అనంతగిరి వైపే చవక. బొర్రా స్టేషన్లో దిగితే గుహలు దగ్గరే. కానీ అక్కడి నుంచి అనంతగిరికి వెళ్లే జీపు బేరం ముందే మాట్లాడుకోవాలి. వంజంగికి పాడేరు నుంచి తెల్లవారుజామున ఆటో దొరకాలంటే ముందురోజు రాత్రే మనిషిని మాట్లాడి ఉంచాలి. సింహాచలం, కంబాలకొండ అయితే సిటీ బస్సు చార్జీలు, టికెట్లు, రెండు పూటల భోజనం. అంతే.

వెళ్లేది ఎటైనా సరే, కొత్త బూట్లు కొనకండి. ఒక్క రోజులో బూటు కాలికి అలవాటు కాదు, మడమ బొబ్బలెక్కితే రెండు రోజులూ వృథా. ఇంట్లో ఉన్నవాటిలో అడుగు అరగని కాన్వాస్ బూట్లు చాలు. వెయ్యి మీటర్ల ఎత్తుకు వెళ్తే ఊరికంటే ఆరేడు డిగ్రీలు చల్లగా ఉంటుంది, చలికాలం తెల్లవారుజామున అయితే స్వెటర్, మంకీ క్యాప్ తప్పవు. ఏజెన్సీలో దోమల బెడద ఉంది, మలేరియా భయమూ ఉంది, సాయంత్రం నుంచి నిండు చేతుల బట్టలు వేయండి. ఘాట్ మలుపుల్లో వాంతులయ్యే పిల్లలకు డాక్టరు చెప్పిన మాత్ర బండెక్కే ముందే వేయాలి, సగం కొండ ఎక్కాక వేస్తే పనిచేయదు. సిగ్నల్ అన్నిచోట్లా ఉండదు, మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి. ఫోన్‌పే మీదే ఆధారపడకుండా చేతిలో చిల్లర డబ్బులు ఉంచుకోండి. పెట్రోలు శృంగవరపుకోటలోనో చోడవరంలోనో నింపేయండి.

ఇప్పటికిప్పుడు చేయాల్సింది ఇది. ముందు అనంతగిరి, టైడా గదులకు ఫోన్ చేయండి. దొరికితే, ఇంట్లో చిన్నవాళ్లూ పెద్దవాళ్లూ కలిసి ఉన్నప్పుడు ఇంక వేరే ఆలోచన వద్దు. అందరూ గట్టివాళ్లే, చలికాలమే అయితే పాడేరు లాడ్జీలకు మొదట ఫోన్ చేయండి. గంటసేపు ప్రయత్నించినా ఏదీ కుదరకపోతే ఫోన్ పక్కన పెట్టి, పులిహోర కలుపుకుని, సింహాచలం మెట్ల కోసం అయిదింటికి అలారం పెట్టుకోండి. కొండల మీదికి వెళ్లినవాళ్లు మాత్రం ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకల్లా ఘాట్ దిగడం మొదలుపెట్టాలి. సాయంత్రమైతే మంచు, ఎదురుగా వచ్చే లారీల లైట్లు, కింద పెందుర్తి దగ్గర ట్రాఫిక్, ఇన్నీ దాటి ఇల్లు చేరేసరికి పదవుతుంది. పిల్లలకు సోమవారం బడి ఉంటుంది.