పాత జిప్సీ సస్పెన్షన్: ఆరేళ్లు, 62 వేల కిలోమీటర్లు వాడాక

2018లో రాజమండ్రిలో రెండో ఓనర్ దగ్గర 2008 మోడల్ జిప్సీ కింగ్ కొన్నాను. ఇంజిన్ విన్నాను, గేర్లు వేసి చూశాను, ఫోర్ వీల్ లివర్ లాగి చూశాను. కింద దూరి కమాన్ కట్టలు (ఇనప పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చిన స్ప్రింగులు) మాత్రం చూడలేదు. ఇంటికి తెచ్చి గచ్చు మీద నిలబెడితే డ్రైవర్ వైపు వెనక భాగం రెండు వేళ్లు కుంగి ఉంది.

నా వాడకం ఇదీ: అడ్డతీగల దగ్గర జీడిమామిడి తోట ఉంది. నెలకు మూడు నాలుగు సార్లు వెళ్తాను. వెళ్లేటప్పుడు ఎరువు బస్తాలు, వచ్చేటప్పుడు దాదాపు ఖాళీ. ఏడాదికి ఐదారు సార్లు మారేడుమిల్లి, గుడిస. అంటే ఎక్కువ రోజులు బండి తేలిగ్గానే తిరుగుతుంది. ఈ ఒక్క సంగతి మొదటే ఆలోచించి ఉంటే నాకు 70 వేలు మిగిలేవి.

కుంగింది కదా అని నేరుగా బండిని రెండంగుళాలు ఎత్తు లేపే లిఫ్ట్ కిట్ వేయించాను. మందపాటి పట్టీల కొత్త కట్టలు, పొడవు షాకిళ్లు (కట్ట చివరను ఛాసిస్‌కు కలిపే లంకెలు), పొడవు షాక్ అబ్జార్బర్లు. అమ్మినవాళ్లు బండి బరువెంత, ఏం మోస్తుంది అని అడగలేదు. నేనూ అడిగించుకోలేదు. బండి ఠీవిగా లేచి నిలబడింది, చూడటానికి చాలా బాగుంది. గోకవరం దాటేసరికే తేడా తెలిసింది. ఖాళీ బండిని ఆ కట్టలు అసలు వంగనివ్వడం లేదు. గతుకు వస్తే కట్ట కదలకుండా బండి మొత్తం ఎగురుతోంది. మా అమ్మ ఒక్కసారి ఎక్కి, నడుం పట్టుకుని దిగి, మళ్లీ ఎక్కనంది.

అంతకంటే పెద్ద దెబ్బ గుడిస ఎక్కేటప్పుడు తగిలింది. రాళ్ల మీద చక్రం కిందికి జారి నేలను పట్టుకోవాలి. కట్ట బిర్రుగా ఉంటే జారదు, చక్రం గాల్లో ఉండిపోతుంది. రెండు చక్రాలూ కలిసి తిరిగేలా బిగించే డిఫరెన్షియల్ లాక్ జిప్సీకి లేదు కాబట్టి గాల్లో ఉన్న చక్రమే గిర్రున తిరుగుతుంది, బండి అక్కడే ఉంటుంది. పాత కుంగిన కట్టలతో ఎక్కిన చోటే కొత్త కిట్‌తో మూడుసార్లు వెనక్కి దిగాను. పైగా ముందు పొడవు షాకిళ్లు వేయడం వల్ల యాక్సిల్ కాస్త ముందుకు వాలి, స్టీరింగ్‌ని నిటారుకు తెచ్చే వాలు, అంటే క్యాస్టర్, తగ్గింది. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను నిటారుకు రావడం మానేసింది. 60 దాటితే ఇంజిన్ శక్తిని యాక్సిల్‌కు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ వణుకు సీట్లోకి వచ్చేది. ఘాట్‌లో ఎదురుగా లారీ వస్తుంటే టెన్షన్. పదకొండు నెలలు భరించాను.

2019లో హైవే మీద లారీలకు కమాన్ కట్టలు కట్టే మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన కిందికి వంగి చూసి అడిగిన మొదటి మాట: "కాటా ఏయించారాండీ?" లేదన్నాను. "మరి ఏ బరువుకి కట్టమంటారు?"

ఆ రోజే వేబ్రిడ్జికి వెళ్లాను. ట్యాంకు నింపి, నేనొక్కడినే కూర్చుని, ముందు చక్రాలు మాత్రమే కాటా మీద పెడితే 590 కిలోలు. బండి మొత్తం ఎక్కిస్తే 1,090. అంటే వెనక 500. తోట సామానుతో ఇంకో 250 చేరుతుంది, అదీ వెళ్లేటప్పుడే. నేను వేయించిన కిట్ ఇనప బంపరు, వించి, పైన టెంటు ఎప్పుడూ మోసే బండికి సరిపోయేది. నా బండికి అవేవీ లేవు.

అదృష్టం కొద్దీ పాత కట్టలు పారేయలేదు. మేస్త్రి వాటిని విప్పదీశారు. పగుళ్లున్న రెండు పట్టీలు మార్చారు, తుప్పు గీకించారు, మిగతావాటికి వంపు కొట్టారు, పట్టీల మధ్య గ్రాఫైట్ గ్రీజు రాశారు. కట్ట కంట్లో కూర్చునే రబ్బరు బుష్‌లు, పిన్నులు, షాకిళ్లు, కట్టను యాక్సిల్‌కు బిగించే యూ బోల్టులు అన్నీ కొత్తవి, కంపెనీ కొలతవే. పాత బుష్‌లు చేతిలో పెట్టి చూపించారు: గుండ్రంగా ఉండాల్సిన రంధ్రం కోడిగుడ్డులా సాగిపోయి ఉంది. బండి ఊగడానికి సగం కారణం అదే. షాక్ అబ్జార్బర్లు మాత్రం మంచి గ్యాస్‌వి, అసలు పొడవులోనే వేయించాను. అన్నీ కలిపి 22 వేలు అయింది.

కుంగిన ఎత్తు తిరిగొచ్చింది, అంతకు మించి పెరగలేదు. అయినా గుడిస మొదటి ప్రయత్నంలోనే ఎక్కాను. రాళ్ల దారి మొదలయ్యే చోట టైర్లలో గాలి 26 నుంచి 18కి దించుతాను. ఆ పని ఇచ్చే మెత్తదనం ఏ కిట్టూ నాకివ్వలేదు. రోడ్డెక్కగానే మళ్లీ నింపాలి, అది మరిచిపోకూడదు.

ఈ ఆరేళ్లలో అంతా సాఫీగా సాగిందని చెప్పను. కట్టలు వేసిన కొత్తలో యూ బోల్టులు 500 కిలోమీటర్లకు ఒకసారి బిగించమని మేస్త్రి చెప్పారు. నేను బద్ధకించాను. మారేడుమిల్లి నుంచి తిరిగొస్తుంటే బ్రేకు వేసినప్పుడల్లా బండి ఎడమకు లాగుతోంది. దిగి చూస్తే వెనక ఎడమ టైరు మడ్‌గార్డు మధ్యలో లేదు, ఒక వైపుకు జరిగి ఉంది. వదులైన యూ బోల్టుల వల్ల పట్టీలను కలిపి పట్టే సెంటర్ బోల్టు తెగి యాక్సిల్ కట్ట మీద జారిందన్నమాట. జాకీ ఎత్తి, గొలుసుతో యాక్సిల్‌ని లాగి, యూ బోల్టులు బిగించి, 20 స్పీడులో రంపచోడవరం చేరాం. అప్పటి నుంచి సెంటర్ బోల్టు, స్పానరు బండిలోనే ఉంటాయి.

35 వేలకు బుష్‌లు ఒకసారి మార్చాను. మధ్యలో పాలీయూరెథేన్ బుష్‌లు వేసి చూశాను. గట్టివే గానీ మన దుమ్ములో కీచుమంటాయి, మళ్లీ రబ్బరుకే వచ్చాను. 41 వేలకు వెనక షాక్ అబ్జార్బర్ ఒకటి కారింది. ఆయిల్‌కి దుమ్ము అంటుకుని నల్లటి పేస్టులా కనిపిస్తే అది పోయినట్టే, జతగా మార్చుకోండి. వంపు కొట్టిన పట్టీ కొత్త పట్టీలా నిలవదు, మూడేళ్లకు డ్రైవర్ వైపు మళ్లీ అరంగుళం దిగింది.

పారాబోలిక్ పట్టీల గురించి చాలామంది అడుగుతారు. స్నేహితుడి జిప్సీకి ఉన్నాయి, నడిపాను. పట్టీలు తక్కువ, నడిమి బిగింపు దగ్గర, చివర్లలో తప్ప ఒకదానికొకటి తగలవు, రాపిడి లేక చిన్న గతుకులు తెలియవు. కానీ ఊగుడు ఆపే ఆ రాపిడి పోయింది కాబట్టి మంచి షాక్ అబ్జార్బర్లు లేకపోతే పడవలా ఊగుతుంది. డబ్బుంటే ఖాళీగా తిరిగే బండికి అదే నా మొదటి ఓటు.

2020కి ముందు మోడల్ థార్ కొంటున్నవాళ్లకు ఒక మాట. దాని CRDe రకానికి ముందు వైపు టార్షన్ బార్లుంటాయి, అంటే మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే ఇనప కడ్డీలు. ఎత్తు కోసం వాటిని మెలితిప్పి బిగించిన బండ్లు అమ్మకానికి వస్తుంటాయి. అలా చేస్తే చక్రం కిందికి జారే దూరం తగ్గిపోతుంది, యాక్సిల్ జాయింట్లు వాలుగా పనిచేసి త్వరగా అరుగుతాయి. కొనే ముందు చూసుకోండి. ఇక కంపెనీ స్పెసిఫికేషన్లకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. లిఫ్ట్ వేయించే ముందు అదీ గుర్తుంచుకోండి.

ఈ సంక్రాంతికి వెనక రెండు మెయిన్ పట్టీలూ కొత్తవి వేయిస్తున్నాను. బుష్‌లు ఇంకో ఏడాది వస్తాయి. అమ్మ ఇప్పుడు తోటకు వస్తోంది, ముందు సీట్లో కూర్చుని.